తల పట్టిన ఏడుపు

గడ్డం సబ్బు వాసన ఎక్కడ తగిలినా ఈ వయసులో కూడా నాకు రొమ్ముల్లో జిల్లుమంటుంది. చెబితే నవ్విపోతారని ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. నా కూతురికి ముప్ఫై దాటాయి. నాకు పాలు ఆగిపోయి దాదాపు అన్నేళ్ళే అయింది. అయినా బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి అప్పుడే గడ్డం గీయించుకుని ఎక్కాడంటే చాలు, నా ప్రాణం మామయ్య సెలూన్‌లోకి వెళ్ళిపోతుంది.

ఆ సెలూన్ ఇప్పుడు లేదు. అక్కడ ఫోన్లు బాగుచేస్తున్నారు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నా కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. లోపలున్న అబ్బాయి తలెత్తి "ఏం కావాలి మేడమ్?" అంటాడు. నాకు కావలసింది చెబితే ఆ పిల్లాడు హడలిపోతాడు. ఏమీ లేదని చెప్పి వచ్చేస్తాను.

ముందు షాపు, వెనక మా ఇల్లు. రెంటికీ మధ్య తలుపు లేదు, ఒక ఆకుపచ్చ కర్టెన్ ఉండేది. షాపులో మాట్లాడిన ప్రతి మాటా మా వంటింట్లోకి వినిపించేది, మా వంటింటి గొడవలన్నీ షాపులోకి వినిపించేవి. వీధి వీధంతా మామయ్యను పెద్ద కత్తెర అని, మా ఆయన్ను చిన్న కత్తెర అని పిలిచేది. కుర్చీలు కూడా అలాగే రెండు. చిన్న కుర్చీ మా ఆయనది. పెద్ద కుర్చీ మామయ్యది. అది ఇనుప కుర్చీ, నలుగురు పట్టినా ఒక పట్టాన కదలదు. పక్కనున్న పిడి తిప్పితే పైకి లేచేది, వెనక మీట నొక్కితే పడక కుర్చీలా వాలేది. చిన్నపిల్లలు వస్తే మాత్రం ఎప్పుడూ మామయ్యే చేసేవారు. వాళ్ళ జోలికి మా ఆయన్ను రానిచ్చేవారు కాదు.

ఆ ఇంట్లో ఒక విచిత్రం ఉండేది. అందరి చేతులూ తల మీదికే పోయేవి. మా ఆయన నాకు ఏదైనా చూపించాలంటే "అటు చూడు" అనేవాడు కాదు. నడినెత్తి మీద రెండు వేళ్ళు ఆనించి నా తలను అటు తిప్పేవాడు. పెళ్ళయిన కొత్తలో సినిమా హాల్లో కూడా ఒకసారి అలాగే తిప్పాడు. మా అత్తయ్య కత్తెర పట్టిన మనిషి కాదు కానీ ఆవిడకీ అదే అలవాటు అంటుకుంది. అన్నం తినకుండా పేపరు చదువుతున్న మొగుణ్ణి తల పట్టుకుని కంచం వైపు వంచేది. నాకు మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది.

ఇక నా సంగతి. నాది పెద్ద ఛాతీ. పెద్దదంటే మామూలు పెద్దది కాదు. బళ్ళో నా పేరు దిండు. జాకెట్టు కొలతలు తీసుకునే ఆవిడ టేపు చుట్టి అంకె చూసి నిట్టూర్చేది, నేనేదో ఆవిడకి అన్యాయం చేసినట్టు. పుస్తకాలు గుండెకి అదుముకుని, భుజాలు ముందుకి వంచి నడిచి నడిచి పాతికేళ్ళకే నా నడక ముసలమ్మ నడక అయింది. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఒక మార్పు వచ్చింది. చూసిన ప్రతి ఆడమనిషీ "నీకేం దిగులు? నీ పిల్లకి పాలకి కరువే ఉండదు" అనడం మొదలుపెట్టింది. నా బరువుకి జీవితంలో మొదటిసారి కాస్త గౌరవం దొరికింది. నేను ఆ మాట నమ్మాను. నమ్మి, మిగతా భయాలన్నీ పడ్డాను గానీ ఈ ఒక్క భయం పడలేదు.

పిల్ల శుక్రవారం పుట్టింది. మూడు కిలోలు. ఆదివారం ఇంటికొచ్చేసరికి నాకు పాలు పడ్డాయి. పడ్డాయంటే ఒక్కపూటలో రెండు రొమ్ములూ రాయిలా గట్టిపడ్డాయి. చనుమొన ఆ బిగువులో కలిసిపోయి చదునైపోయింది. పిల్ల నోరు పెడితే జారిపోతుంది. నా రొమ్ము పిల్ల తలకంటే పెద్దది. రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే గానీ చనుమొన పిల్ల వైపు తిరగదు. రెండు చేతులూ దానికే సరిపోతే ఇక పిల్లను పట్టుకునేదెవరు? పిల్లను మా ఆయన పట్టుకునేవాడు, ఆయన అలిసిపోతే అత్తయ్య. నా రొమ్ము అడ్డం వచ్చి దాని నోరు ఎక్కడుందో, ఏం చేస్తోందో నాకు కనిపించేదే కాదు. ఏడుపు మాత్రం వినిపించేది. నోరు పెట్టడం, జారడం, వెనక్కి విరుచుకోవడం, గుక్కపట్టడం. ప్రతిసారీ ఇదే.

"దీనికి నీ పాలు ఇష్టం లేదే" అంది అత్తయ్య, దిగులుగా. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఆ ఆదివారమే మామయ్య ఏదో చెప్పబోయారు. కర్టెన్ అవతల నుంచి వినిపించింది. "ఏమేవ్, అది ఆకలి ఏడుపులా లేదే" అన్నారు అత్తయ్యతో. "ఆడవాళ్ళ విషయాలు మీకెందుకు, వెళ్ళి కస్టమర్ని చూసుకోండి" అంది ఆవిడ. కత్తెర చప్పుడు మళ్ళీ మొదలైంది. నేనా మాట పట్టించుకోలేదు. నలుగురి గడ్డాలు గీసే మనిషికి నా పాల గురించి ఏం తెలుసు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మంగళవారం నర్సమ్మ ఇంటికొచ్చింది. త్రాసు తీసి బల్ల మీద పెట్టి, పిల్లను పడుకోబెట్టి, ముల్లు ఆగేదాకా చూసింది. రెండు కిలోల ఏడు వందలు.

"మొదటి రోజుల్లో కొంత తగ్గడం మామూలే. ఇది కాస్త ఎక్కువ" అంది. నేను పాలు పట్టే తీరు చూసింది. "రొమ్మునెత్తి పిల్ల మీదికి తీసుకెళ్ళకూడదమ్మా. బరువైన రొమ్ము కదా, వదిలేస్తే ఎక్కడ ఉంటుందో అక్కడే ఉండనివ్వు. కింద తువ్వాలు చుట్టి పెట్టుకో. పిల్లను దాని దగ్గరికి తీసుకురా. రెండు మూడు గంటలకోసారి ప్రయత్నించు, పట్టకపోతే పాలు పిండి చెంచాతో పట్టు. శనివారం వస్తాను. అప్పటికీ ముల్లు లేవకపోతే ఆస్పత్రికి రావాలి, డబ్బా పాలు మొదలుపెట్టాలి. అదేం తప్పు కాదు."

తప్పు కాదని నాకూ తెలుసు. డబ్బా పాలు తాగిన మా ఆయన నిక్షేపంగా ఆరడుగులు పెరిగాడు. కానీ నా గోల అది కాదు. పాతికేళ్ళు మోశాను ఈ బరువుని. నవ్వులపాలయ్యాను, దాచుకున్నాను, ఒంగిపోయాను. కనీసం ఒక్క పనికైనా వస్తుందనుకుంటే ఆ ఒక్క పనికీ రాకుండా పోతోంది. ఎదురింటావిడ చూడ్డానికొచ్చి, చెంచాతో పాలు పడుతుంటే చూసి "అంత పెట్టుకుని చెంచాతోనా?" అని పోయింది. ఆవిడ గడప దాటగానే నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. శనివారం లోపల నా పిల్ల నా రొమ్ము పట్టాలి. నాకు ఆ వారం ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేదు.

నర్సమ్మ చెప్పినట్టే చేశాం. పిల్లను రొమ్ము దగ్గరికి తీసుకురమ్మంది కదా, తీసుకొచ్చారు. మా ఇంట్లో దేన్నైనా ఎలా తీసుకొస్తారో అలాగే తీసుకొచ్చారు. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.

బుధవారం షాపుకి సెలవు. సెలవు రోజు మధ్యాహ్నాలు మామయ్య మెషీన్లు విప్పి నూనె వేసేవారు, కత్తెరలకి సాన పట్టేవారు. ఆ రోజు కూడా కర్టెన్ అవతల ఆ చప్పుడే. ఇవతల మంచం మీద మేం ముగ్గురం, మధ్యలో పిల్ల. నాలుగోసారి జారిపోయింది. పిల్ల ఏడుస్తోంది, నేను ఏడుస్తున్నాను, మా ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. అవతల సాన చప్పుడు ఆగింది.

"అమ్మా, లోపల ఉన్నావా?" అన్నారు మామయ్య.

ఇంకెక్కడికి పోతాను? "ఉన్నాను మామయ్యా."

"ఒక మాట చెప్తాను. తప్పయితే ముసలాడు ఏదో వాగాడనుకో." కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "నలభై ఏళ్ళ నుంచి ఈ కుర్చీలో పిల్లల ఏడుపు వింటున్నాను. కత్తెర చూసి ఏడ్చేది ఒకటి. నిద్రొచ్చి ఏడ్చేది ఒకటి. తల పట్టుకుంటే ఏడ్చేది వేరు. అది ఒక్కసారిగా పైకి లేస్తుంది, మధ్యలో టక్కున తెగుతుంది, మళ్ళీ లేస్తుంది. మన పిల్లది ఆదివారం నుంచీ ఆ ఏడుపే. దానికి పాలు అక్కర్లేక కాదమ్మా. ఎవరో దాని తల పట్టుకుంటున్నారు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తన చేతి వైపు చూసుకున్నాడు. ఆ చెయ్యి పిల్ల నడినెత్తి వెనక, గిన్నె మీద మూత పెట్టినట్టు ఉంది.

"పసివాళ్ళ తల వెనక చెయ్యేసి తోస్తే మెడ వెనక్కి తంతుంది" అన్నారు మామయ్య. "మొండితనం కాదు, మెడ గుణం అంత. నేను చిన్నపిల్లల తల పట్టుకోను. మెడ కిందగా, భుజాల మధ్య అరచెయ్యి ఆనిస్తాను. ఒళ్ళంతా కలిపి తిప్పితే తల దానంతటదే వస్తుంది."

"ఇంత తెలిసీ ఇన్నాళ్ళు నోరు కుట్టుకుని కూర్చున్నారా?" అంది అత్తయ్య.

"ఆదివారం చెప్పబోతే ఆడవాళ్ళ విషయమన్నావు."

అత్తయ్య మా ఆయన చేతిని పిల్ల తల మీంచి తీసేసింది. మామయ్య మళ్ళీ అన్నారు, "ఆ మంచం మీద నడుం వాలదు, ఏమీ కనపడదు. నా కుర్చీ వాల్చి పెడతాను. ఎదురుగా అద్దం ఉంది. నేను షట్టర్ దించేసి బయట మెట్టు మీద కూర్చుంటాను."

అన్నట్టే చేశారు. షట్టర్ దిగిన చప్పుడు విన్నాకే మేం కర్టెన్ దాటాం. లైటు వేసి ఉంది. కుర్చీ సగానికి వాల్చి ఉంది. పక్కన బల్ల మీద ఉతికిన తువ్వాళ్ళ దొంతర, వేడినీళ్ళ గిన్నెలో గడ్డాలకి వాడే చిన్న తువ్వాళ్ళు. ఆ షాపు వాసనంతా సబ్బు వాసన. అత్తయ్య వేడి తువ్వాలు పిండి నా రొమ్ము మీద కప్పింది. కాసేపటికి నేను వేళ్ళతో నాలుగు చుక్కలు పిండితే ఆ బిగువు కాస్త తగ్గి చనుమొన బయటికొచ్చింది. రెండు తువ్వాళ్ళు చుట్టి రొమ్ము కింద పెట్టింది. నాలుగు రోజులుగా ఎత్తి పట్టుకుంటున్న బరువు తువ్వాళ్ళ మీద కూర్చుంది. నా రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. అదేమీ చిన్న విషయం కాదు. నాకు అప్పుడే సగం ఏడుపు ఆగింది.

పిల్లను చంకలో సంచి ఇరికించుకున్నట్టు పక్కనుంచి పెట్టుకున్నాను. కాళ్ళు నా వీపు వైపు, మొహం రొమ్ము వైపు. నా అరచెయ్యి దాని భుజాల మధ్య, వేళ్ళు మెడ కింద. మా ఆయన చెయ్యి అలవాటుగా దాని తల మీదికి రాబోయింది.

"నువ్వు చేతులు జేబులో పెట్టుకో" అన్నాను. పెట్టుకున్నాడు.

అద్దంలో చూశాను. నా రొమ్ము అవతల పిల్ల నోరు నాకు మొదటిసారి కనిపించింది. నోరు మూసి లేదు, ముడుచుకుని లేదు. ముక్కుతో వెతుకుతోంది, అటూ ఇటూ తిప్పి వెతుకుతోంది. ఆరు రోజులుగా ఇది నా కోసం ఇలా వెతుకుతుంటే పాలు ఇష్టం లేదన్నాం.

రెండో చేత్తో రొమ్మును, పెద్ద బన్ను కొరికేముందు వేళ్ళతో అదిమినట్టు, దాని నోటి వాటానికి కొంచెం అదిమాను. చనుమొన ముక్కుకి తగిలించి ఆగాను. నాకింది. నోరు కొద్దిగా తెరిచింది, జారింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ జారింది. నాకు తెలియకుండానే రొమ్ము ఎత్తబోయాను.

"తొందరపడకండి" అని షట్టర్ అవతల నుంచి వినిపించింది. ఆయనకి ఏమీ కనపడదు. చప్పుడు వినే చెబుతున్నారు. "తనే రావాలి."

మూడోసారి పిల్ల ఆవులించినంత నోరు తెరిచింది. భుజాలు దగ్గరికి తెచ్చాను, అంతే. గడ్డం ముందు ఆనింది, తల తనే వెనక్కి వాల్చుకుంది, చుట్టూ ఉన్న నలుపు సగానికి పైగా దాని నోట్లోకి వెళ్ళింది. కింది పెదవి బయటికి తిరిగి ఉండటం అద్దంలో చూశాను. ఒక్క క్షణం చురుక్కుమంది, తర్వాత లాగుడు మాత్రం మిగిలింది. దవడ కదులుతోంది. కుక్, కుక్ అని చిన్న చప్పుడు. మింగుతోంది.

మా ఆయన జేబులోంచి చేతులు తీయకుండానే ఏడ్చేశాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా తీయలేదు, అంత భయం పెట్టాను.

"ఏమైంది?" అన్నారు మామయ్య బయట నుంచి, మెల్లగా. లోపల సందడి ఆగేసరికి ఆయనకి కంగారు పుట్టినట్టుంది.

"నోరు మూసుకోండి, తాగుతోంది" అంది అత్తయ్య.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని అబద్ధం చెప్పను. నాలుగు నిమిషాలకే వదిలేసింది, మళ్ళీ పట్టించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎడమ వైపు సాయంత్రం దాకా ముట్టుకోలేదు. మంచం మీద ప్రయత్నిస్తే మళ్ళీ మొదటికొచ్చింది. కుర్చీ అయితేనే కుదిరేది. గురువారం షాపు తెరవాలి కదా, ఏం చేస్తారా అని చూశాను. మామయ్య పొద్దున్నే చిన్న కుర్చీని వీధిలోకి మోయించి, చూరు కింద వేయించారు, ఒక చేతి అద్దాన్ని గోడకున్న మేకుకి తగిలించారు. పిల్ల ఏడవగానే షట్టర్ దిగేది. మా ఆయన ఎండలో నిలబడి జనం తలలు కత్తిరించేవాడు. పెద్ద కత్తెర బెంచీ మీద కస్టమర్లతో పాటు కూర్చుని తన కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూసేవారు. నలభై ఏళ్ళలో ఒక్కరోజు కూడా కస్టమర్ని నిలబెట్టని మనిషి.

నాకోసం నా కన్నవాళ్ళు కూడా అంత చేశారా అని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ ఈ విషయం మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మామాకోడళ్ళం కదా.

శనివారం పదింటికి నర్సమ్మ వచ్చింది. పిల్లను త్రాసులో పెట్టింది. నేను చూడలేక గోడమీద క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ క్యాలెండర్‌లో ఏ బొమ్మ ఉందో ఇప్పుడడిగినా చెప్పలేను.

"రెండు కిలోల ఎనిమిది వందల ఇరవై" అంది నర్సమ్మ. ఇంకోసారి పెట్టి చూసింది. అంతే ఉంది. "డబ్బా అక్కర్లేదు. పాలు బాగా పడుతున్నావు. ఎవరు నేర్పారు?"

అత్తయ్య కర్టెన్ వైపు చూపించింది. "ఆయన."

"డాక్టరా?"

"గడ్డాలు గీస్తారు" అంది అత్తయ్య. ఆ గొంతులో అంత గర్వం నేను మునుపెన్నడూ వినలేదు. నర్సమ్మ నవ్వి, పుస్తకంలో అంకె రాసుకుని, త్రాసు సర్దుకుని వెళ్ళింది.

శనివారం సాయంత్రం సెలూన్‌కి పెళ్ళివారిల్లంత హడావిడి. వారమంతా పని చేసుకున్నవాళ్ళు అప్పుడే వస్తారు. బెంచీ నిండిపోయి, ఇంకో నలుగురు నిలబడి ఉన్న సమయం చూసి నా కూతురు ఏడుపు లంకించుకుంది. షట్టర్ దిగింది. నేను కుర్చీలో వాలి, తువ్వాళ్ళు సర్దుకుని, దాన్ని పట్టించి, అది మింగుతున్న చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాను.

"ఏమయ్యా పెద్ద కత్తెరా, అరగంటైంది" అన్నారు బయట ఎవరో. గొంతు బట్టి హైస్కూలు హెడ్మాస్టరు. ఆయన ఎవరికోసమూ ఆగే రకం కాదు. "లోపల ఎవరు?"

"పెద్ద కస్టమరండి" అన్నారు మామయ్య. "తొందరపెట్టడానికి లేదు. తల ముట్టుకోనివ్వదు."

"మా అందరినీ నిలబెట్టేంత గొప్పమనిషి ఎవరయ్యా మన వీధిలో?"

"ఈ వీధి మనిషి కాదండి. పోయిన వారం శుక్రవారమే దిగింది."

నాకు నవ్వొచ్చింది. నేను నవ్వితే ఛాతీ అంతా ఊగుతుంది. అందుకే చిన్నప్పటి నుంచీ చేతులు కట్టుకునే నవ్వేదాన్ని. ఒక్కోసారి నవ్వే మానేసేదాన్ని. ఆ సాయంత్రం రెండు చేతుల్లోనూ పిల్ల ఉంది, కట్టుకోవడానికి చేతులు లేవు. ఆపుకుందామని చూశాను, ఆగలేదు. కుర్చీ కిర్రుమనేలా, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వాను. రొమ్ము ఊగింది, దానితో పాటు నా కూతురి తల కూడా పైకీ కిందికీ ఊగింది. అది కళ్ళు తెరిచి ఒకసారి నా వైపు చూసింది. నోరు మాత్రం వదల్లేదు.